కండ కరుగుతుంది... ఎముక కరగదు!

2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడలు జరిగాయి. మన తెలంగాణ పిల్ల అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కాంస్య పతకం గెలిచింది. టీ అమ్ముకునే తండ్రి కూతురు. నార్సింగి గురుకులంలో చదువుకుంది. పరుగు, హర్డిల్స్, హైజంప్, జావెలిన్ అంటూ రెండు రోజుల పాటు ఏడు అంశాల్లో పోటీపడితే వచ్చేదే ఆ పతకం. నందినికి 5712 పాయింట్లు. నాలుగో స్థానంలో నిలిచిన మరో భారత క్రీడాకారిణికి 5708. నాలుగంటే నాలుగే పాయింట్ల తేడా!

ఆ సంతోషం మనకి ఒక పూటైనా నిలవలేదు. ఓడిన అమ్మాయి బాధలో ఉందో కోపంలో ఉందో, ఒక ట్రాన్స్‌జెండర్ వల్ల తన పతకం పోయిందని సామాజిక మాధ్యమంలో రాసేసింది. ఆధారం ఏమైనా చూపించిందా అంటే అదీ లేదు. తర్వాత ఆ రాత తీసేశారు. కానీ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది కదా!

ఆ వార్త చదివినప్పుడు నాకు రెండు రకాలుగా మనసు చివుక్కుమంది. ఒకటి, ఆడపిల్ల కాస్త బలంగా, వేగంగా ఉంటే చాలు అది ఆడదేనా అని అనుమానించడం. రెండోది, 'ట్రాన్స్‌జెండర్' అన్న పదాన్ని ఒక తిట్టులా వాడటం. నిజంగానే ఆ దారిలో నడుస్తున్నవాళ్లు ఆ మాట విని ఏమనుకుని ఉంటారు?

అసలు మగపిల్లాడిగా పుట్టి పెరిగి, స్త్రీగా మారే క్రమంలో హార్మోన్లు వాడుతున్న మనిషి ఆటలాడితే ఏమవుతుంది? బలం పోతుందా, ఉంటుందా? పోతే ఎంత పోతుంది? ఈ ప్రశ్నకి మనవాళ్లు రెండే జవాబులు చెబుతారు. 'ఎన్ని మందులు మింగినా మగాడు మగాడే' అని ఒకరు, 'హార్మోన్లు వాడితే ఇంకేం తేడా ఉండదు' అని మరొకరు. ఇద్దరూ గట్టిగానే చెబుతారు. నేను బీఎస్సీలో జువాలజీ చదువుకున్నదాన్ని. పెళ్లయ్యాక చదువు వంటింటి అటక మీదికి ఎక్కినా, ఇలాంటివి కనబడితే వదలబుద్ధి కాదు. మా పెద్దమ్మ కూతురు హార్మోన్ల డాక్టరు. థైరాయిడ్, షుగరు చూస్తుంది. దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

ముందు ఎవరెవరో తెలుసుకుందాం

"చూడవే, మొదట మూడు రకాల మనుషుల్ని కలిపేయకు" అంది అక్క.

ద్యుతీ చంద్ సంగతే తీసుకోండి. ఒడిశా అమ్మాయి. హైదరాబాద్‌లో చాలాకాలం శిక్షణ తీసుకుంది కాబట్టి మనకీ దగ్గరిదే. పుట్టుకతోనే ఆడపిల్ల. ఒంట్లో సహజంగానే టెస్టోస్టిరాన్ ఎక్కువని చెప్పి 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. ఆమె ఊరుకోలేదు. స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015లో ఆ నిబంధనని నిలిపేయించుకుని, 2016లో రియో ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది. ఆమె ట్రాన్స్‌జెండర్ కాదు. నందినిలా కేవలం అనుమానానికి గురైన పిల్లలు వేరు. మగపిల్లాడిగా యుక్తవయసు దాటాక స్త్రీగా జీవించాలనుకుని హార్మోన్లు వాడేవారు వేరు. ఈ మూడో వాళ్ల గురించే ఇప్పుడు నేను చెప్పేది.

పదకొండు, పన్నెండేళ్ల వరకు ఆడ, మగ పిల్లల పరుగులో పెద్ద తేడా ఉండదు. మన వీధిలో చూస్తూనే ఉంటాం, ఆడపిల్లలే ముందుంటారు ఒక్కోసారి! మగపిల్లలకి మీసకట్టు వచ్చే వయసులో వృషణాలు టెస్టోస్టిరాన్‌ని ధారగా పోస్తాయి. పెరిగిన మగవాళ్లలో ఇది ఆడవాళ్లలో కంటే సుమారు 15 రెట్లు ఎక్కువ. దాంతో ఎత్తు పెరుగుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, ఎముక లావెక్కుతుంది, గుండె, ఊపిరితిత్తులు పెద్దవవుతాయి, కండ పడుతుంది, రక్తం చిక్కబడుతుంది. వంద మీటర్ల పరుగులో ఉసేన్ బోల్ట్ రికార్డు 9.58 సెకన్లు, మహిళల్లో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్‌ది 10.49. అంటే తొమ్మిది శాతం పైచిలుకు తేడా. లాంగ్‌జంప్‌లో మగవాళ్ల రికార్డు 8.95 మీటర్లు, ఆడవాళ్లది 7.52. ఇక్కడ తేడా ఇంకా పెద్దది. బరువులెత్తే చోట మరీ ఎక్కువ. ఆటల్లో మహిళలకి వేరే విభాగం పెట్టిందే ఇందుకు. ఆ గోడ లేకపోతే మన సింధులూ, మేరీ కోమ్‌లూ మనకి కనబడేవారే కాదు.

రక్తం ముందు, కండ తర్వాత

స్త్రీగా మారే చికిత్సలో రెండు పనులు జరుగుతాయి. ఒంట్లోని టెస్టోస్టిరాన్‌ని అణచడానికి ఒక మందు, ఈస్ట్రోజన్ ఇవ్వడానికి మరొకటి. ఈస్ట్రోజన్‌ని మాత్రగానో, ఒంటికి అంటించుకునే పట్టీగానో, జెల్‌గానో, ఇంజెక్షన్‌గానో ఇస్తారు. వృషణాలు తీయించుకున్నవారికి ఆ మొదటి మందు అక్కర్లేదు. ఇక ఒంట్లో మార్పులు మొదలవుతాయి. చర్మం మెత్తబడుతుంది. కొవ్వు నడుము కిందికి, తుంటికి చేరుతుంది. రొమ్ములు పెరుగుతాయి. గొంతు మాత్రం మారదు. ఒకసారి బొంగురుపోయిన గొంతు ఈస్ట్రోజన్‌తో సన్నబడదు.

ఆటకి సంబంధించినంత వరకు అన్నిటికంటే ముందు తగ్గేది హిమోగ్లోబిన్. ఈ మాట మనకి కొత్త కాదు. మన ఇళ్లల్లో 'రక్తం తక్కువ' అని వినని ఆడది ఎవరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత లేదనాలంటే ఆడవాళ్లకి 12 గ్రాములు, మగవాళ్లకి 13 ఉండాలని లెక్కలు కూడా వేరువేరుగానే పెట్టారు. ఎముకల మూలుగ రక్తకణాలు తయారుచెయ్యాలని హుషారు చేసేది టెస్టోస్టిరాన్. అది తగ్గిపోగానే మూడు, నాలుగు నెలల్లో హిమోగ్లోబిన్ ఆడవాళ్ల స్థాయికి దిగిపోతుంది. రెండు మెట్లెక్కితే ఆయాసం వచ్చిన రోజులు గుర్తు తెచ్చుకోండి, దూరం పరిగెత్తేవాళ్లకి దాని అర్థం ఏమిటో తెలుస్తుంది.

జొయానా హార్పర్ అనే ఆవిడ ఉన్నారు. భౌతికశాస్త్రం చదివారు, దూరపు పరుగులు పరిగెడతారు, స్వయంగా ట్రాన్స్ మహిళ. హార్మోన్లు మొదలుపెట్టి ఏడాది తిరక్కుండానే తన వేగం 12 శాతం పడిపోయిందని గమనించారు. తనలాంటి ఎనిమిది మంది పరుగువాళ్ల పాత, కొత్త సమయాలు సేకరించి 2015లో ప్రచురించారు. మగవాళ్లలో ఎంత మేటిగా ఉండేవారో ఆడవాళ్లలోనూ దాదాపు అంతే మేటిగా ఉన్నారు తప్ప ఎగిరి ముందుకేమీ పోలేదని తేలింది. ఎనిమిది మందితో ఏం తేలుతుంది అని మీరు అడగొచ్చు. నిజమే. ఇది అన్ని ఆటలకీ వర్తించదని ఆవిడే చెప్పారు.

ఎందుకంటే, రక్తం దిగినంత చప్పున కండ దిగదు. స్వీడన్‌లో పదకొండు మంది ట్రాన్స్ మహిళలను ఏడాది పాటు పరీక్షించి 2020లో ఫలితాలు చెప్పారు. తొడ కండ 5 శాతం తగ్గింది. బలం మాత్రం ఇంచుమించు అలాగే ఉంది! తక్కిన పరిశోధనలన్నీ కలిపి చూసినా, మూడేళ్ల తర్వాత కూడా కండ, బలం ఆడవాళ్ల సగటుకంటే పైనే ఉన్నాయి. ఇక ఎత్తు, చేతుల పొడవు, పాదం సైజు... వీటిని ఏ మందూ కదిలించలేదు.

"ఇల్లు కట్టేశాక సిమెంటు బస్తాలు రావడం ఆగిపోయాయనుకో, గోడలు కుంగిపోతాయా? సున్నం రాలుతుంది, అంతే" అంది అక్క. డాక్టర్లు కూడా కథలు రాస్తే మాబోటివాళ్ల పని అయిపోతుంది!

సైన్యం లెక్కలు

నాకు బాగా నచ్చిన పరిశోధన అమెరికా వైమానిక దళానిది. నచ్చడానికి కారణం, అక్కడ అందరూ ప్రతి ఏడాదీ పరీక్షలు రాసినట్టు శారీరక పరీక్షలు ఇవ్వాల్సిందే. ఎవరో ప్రయోగశాలకి పిలిచి కొలిచింది కాదు. 46 మంది ట్రాన్స్ మహిళల రికార్డులు తీశారు. హార్మోన్లకి ముందు వాళ్లు తోటి స్త్రీల కంటే నిమిషంలో 31 శాతం ఎక్కువ పుషప్‌లు చేసేవారు. ఒకటిన్నర మైలు పరుగు 21 శాతం వేగంగా ముగించేవారు. రెండేళ్లు హార్మోన్లు వాడాక పుషప్‌ల తేడా పోయింది. పరుగులో మాత్రం ఇంకా 12 శాతం ముందే ఉన్నారు. చూశారా, హార్పర్ లెక్కకి ఇది ఎదురుతిరిగింది. పుషప్‌లో మన బరువు మనమే ఎత్తుకోవాలి కదా, కండ తగ్గి, కొవ్వు పెరిగితే అది కష్టమే. అందుకని పుషప్‌లు సమానమయ్యాయంటే బలం సమానమైందని అర్థం కాదు.

2024లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ విశ్వవిద్యాలయం వాళ్లు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ డబ్బుతో చేసిన పరిశోధన మరో వింత చెప్పింది. 23 మంది ట్రాన్స్ క్రీడాకారిణుల చేతిపట్టు ఆడవాళ్ల కంటే బలంగా ఉంది. కానీ ఒంటి బరువుతో పోల్చి చూస్తే ఎగిరే ఎత్తు, ప్రాణవాయువు వాడుకునే శక్తి ఆడవాళ్ల కంటే తక్కువే! పెద్ద ఒళ్లు, దాన్ని మోయడానికి చిన్న ఇంజను అన్నమాట. అయితే వాళ్లని ఒక్కసారే కొలిచారు, ముందూ వెనకా కొలవలేదు. బ్రెజిల్‌లో సగటున 14 ఏళ్లుగా హార్మోన్లు వాడుతున్న 15 మందిని పరీక్షిస్తే మాత్రం చేతిపట్టు, ప్రాణవాయువు శక్తి రెండూ ఆడవాళ్ల కంటే ఎక్కువే తేలాయి.

ఇలా ఒకదానికొకటి పొసగని లెక్కలు చూస్తే విసుగొస్తుంది. కానీ గమనించండి, నేను పైన లెక్కలు చెప్పిన ఏ ఒక్క పరిశోధనలోనూ వంద మంది ట్రాన్స్ మహిళలు లేరు. ఎక్కువమంది అసలు క్రీడాకారులే కాదు. బాగా శిక్షణ పొందినవాళ్లని మారకముందూ, మారాకా ఏళ్ల తరబడి కొలిస్తే గానీ గట్టి జవాబు రాదు. అలాంటివాళ్లు దొరకడమే గగనం.

ముగ్గురి కథ

మొదటి పేరు రెనీ రిచర్డ్స్. అమెరికాలో కంటి డాక్టరు. 1977లో కోర్టుకెళ్లి గెలిచి యూఎస్ ఓపెన్ టెన్నిస్ ఆడింది. అప్పటికి వయసు 43. సింగిల్స్ మొదటి రౌండ్‌లోనే వర్జీనియా వేడ్ చేతిలో ఓడింది, డబుల్స్‌లో ఫైనల్ దాకా వెళ్లింది. మార్టినా నవ్రతిలోవాకి కోచ్‌గా ఉన్నది కూడా ఈవిడే. చిత్రమేమిటంటే, ముసలితనంలో ఆవిడే ఒక మాట చెప్పింది. తాను ఇరవై రెండేళ్ల వయసులో మారి ఆడి ఉంటే ఏ స్త్రీ కూడా తనకి దగ్గరగా రాగలిగేది కాదేమోనని. తన కోసం కోర్టుకెక్కిన మనిషి ఆ మాట అనడానికి ఎంత నిజాయితీ కావాలి!

రెండో ఆమె న్యూజిలాండ్ వెయిట్‌లిఫ్టర్ లారెల్ హబ్బర్డ్. 2021లో టోక్యో ఒలింపిక్స్‌కి వచ్చింది. ఆమె వయసూ 43. ప్రపంచమంతా పతకం ఎత్తుకుపోతుందని గగ్గోలు పెట్టింది. మూడు ప్రయత్నాల్లో ఒక్కటీ నెగ్గక ఇంటికెళ్లిపోయింది.

మూడో ఆమె ఈతగత్తె లియా థామస్. మగవాళ్ల జట్టులో ఉన్నప్పుడు 500 గజాల ఈత 4 నిమిషాల 18 సెకన్లలో ముగించింది. హార్మోన్లు వాడాక 2022 మార్చిలో అమెరికా విశ్వవిద్యాలయాల పోటీలో అదే దూరం ఈదడానికి 4 నిమిషాల 33 సెకన్లు పట్టింది. పదిహేను సెకన్లు పోయాయి. ఈతలో అది చాలా పెద్ద నష్టం. అయినా ఆ రోజు మొదటి స్థానం ఆమెదే. అదే పోటీల్లో 200 గజాలలో అయిదో స్థానంలో మరొకరితో సమానంగా, 100లో ఎనిమిదో స్థానంలో నిలిచింది. రెండు వైపుల వాళ్లూ వాళ్లకి కావలసిన ముక్క తీసుకుని వాదించుకున్నారు.

నిబంధనలూ ఇలాగే అటూ ఇటూ ఊగాయి. 2004 నుంచి శస్త్రచికిత్స, రెండేళ్ల హార్మోన్లు ఉండాలన్నారు. 2015లో శస్త్రచికిత్స అక్కర్లేదు, ఏడాదిపాటు టెస్టోస్టిరాన్ పది యూనిట్లలోపు ఉంటే చాలన్నారు. ఆ పది మామూలు స్త్రీలలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు! ఇది ఎవరు లెక్కగట్టారో గానీ నాకైతే నవ్వొచ్చింది. 2021లో ఒలింపిక్ కమిటీ ఏ ఆటకి ఆ ఆటవాళ్లే తేల్చుకోండని చేతులు దులుపుకుంది. 2022లో ఈత సమాఖ్య, 2023లో అథ్లెటిక్స్, సైక్లింగ్, క్రికెట్ వాళ్లు, మగ యుక్తవయసు దాటినవాళ్లకి అంతర్జాతీయ మహిళల పోటీల్లో చోటు లేదనేశారు. ఆ ఏడాది సెప్టెంబరులో కెనడా తరఫున డేనియల్ మెక్‌గేహీ ఆడింది. అధికారిక అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ ఆడిన మొదటి ట్రాన్స్‌జెండర్ ఆమే. మూడు నెలలు తిరక్కుండా తలుపు మూసుకుంది.

మా మేనకోడలి మాట

మా ఆడపడుచు కూతురు గుంటూరులో ఇంటర్ చదువుతూ 800 మీటర్లు పరిగెడుతుంది. ఇదంతా దానికి చెబితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "నిజమే అత్తా, నేను నాలుగున్నరకి లేచి ఏడాదంతా పరిగెత్తితే తగ్గేది రెండు సెకన్లు. 12 శాతమంటే పదహారు సెకన్లు. అది నేనెక్కడ తెచ్చేది?" అంది. ఆ మాటకి నా దగ్గర ఎదురు మాట లేదు. పతకాలు, ఉద్యోగాలు, సీట్లు ముడిపడిన పై స్థాయి పోటీల్లో, మగ యుక్తవయసు దాటినవాళ్లను మహిళల విభాగంలో పెట్టకూడదన్న నిబంధన నాకు సబబుగానే తోచింది.

అయితే అది ఇంకో సంగతీ చెప్పింది. జుట్టు కత్తిరించుకుని, నల్లగా, సన్నగా, పొడవుగా ఉంటుంది మా పిల్ల. ఒక జిల్లా పోటీలో గెలిచాక ఎవరో ఒక తల్లి వచ్చి, 'మీ అమ్మాయి అమ్మాయేనా? మగరాయుడిలా ఉంది' అందట మా వదినతో. ఆ రాత్రి అది అన్నం తినలేదు. 2025 సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల ముందు మహిళలందరికీ జీవితంలో ఒక్కసారి చేయించుకోవలసిన జన్యుపరీక్ష పెట్టారు. బుగ్గలోపల దూదిపుల్లతో రాసి తీసుకుంటారు, లేదంటే రక్తం. నొప్పేమీ ఉండదు. కానీ ఇది కొత్త కాదు. 1968 నుంచి ముప్ఫై ఏళ్లు ఒలింపిక్స్‌లో ఇలాంటి పరీక్షలు చేశారు. స్పెయిన్ హర్డిలర్ మరియా హోసే మార్టినెజ్ పటీనో అలాగే 1985లో బయటపడింది. చూపుకి, పెంపకానికి, తన మనసుకి పూర్తిగా స్త్రీ. జన్యువులు వేరుగా ఉన్నా, ఆమె శరీరానికి టెస్టోస్టిరాన్‌ని వాడుకునే గుణమే లేదు. పరువు పోయింది, స్నేహితులు దూరమయ్యారు. 1988లో తిరిగి రానిచ్చారు కానీ పోయిన మూడేళ్లు ఎవరిస్తారు? ట్రాన్స్ మహిళల కోసం వేసిన వల ఇలా మన ఆడపిల్లల మీదే పడుతుంటుంది. వల వేసేవాళ్లు ఈ భయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలని నా వాదన.

మందుల షాపు వైద్యం

మనదేశంలో అనన్యా, అనయా అంటూ పేరు తడబడతారు గానీ, అనయా బంగర్ సంగతి చాలామంది వినే ఉంటారు. మాజీ క్రికెటర్ సంజయ్ బంగర్ సంతానం. 2024లో హార్మోన్ల చికిత్స తీసుకుంటూ, కండ తగ్గి, బలం తగ్గి, చిన్నప్పటి నుంచి ప్రాణంగా ఆడిన ఆట చేజారిపోతోందని బయటికి చెప్పుకుంది. తర్వాత ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంలో తన శరీరాన్ని పరీక్షలకి ఇచ్చి, ఆ ఫలితాలు చూడమని 2025లో క్రికెట్ పెద్దలను అడిగింది. ఒక్క మనిషి లెక్కతో నిబంధన మారదు. కానీ అనుమానించేవాళ్ల ముందు 'కొలుచుకోండి' అని నిలబడటం చిన్న విషయమేం కాదు.

ఆమెకి డాక్టర్లున్నారు. రైళ్లల్లో, కూడళ్లలో మనకి కనబడేవాళ్ల సంగతి? చాలామంది మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని, తోచినన్ని మింగుతారు. ఆ మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్ రకం వేరు, ఎక్కువ మోతాదులో వాడితే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకే డాక్టర్లు చికిత్సలో దాన్ని వాడరు. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో వాళ్ల కోసమే 'మిత్ర్' క్లినిక్ పెట్టారు. అమెరికా సాయం ఆగిపోవడంతో 2025 మొదట్లో అది మూతపడింది. ఒలింపిక్స్ గురించి అరిచిన గొంతులు ఈ మూత గురించి ఎంత మాట్లాడాయో మీరే చెప్పండి.

మరి ఆడాలనుకునేవాళ్లు ఎక్కడ ఆడాలి? అందరికీ 'ఓపెన్' అని ఒక విభాగం పెడితే సరి అంటారు. ఈత సమాఖ్య 2023 అక్టోబరులో బెర్లిన్ ప్రపంచకప్‌లో పెట్టి చూసింది. ఒక్కరంటే ఒక్కరూ పేరు ఇవ్వలేదు. అంతమంది మధ్య ఒక్కతే నీళ్లలోకి దూకి, 'నేను ఫలానా' అని చాటుకోవాలంటే ఎవరికైనా కష్టమే.

కేరళలో వేరేగా చేశారు. 2017 ఏప్రిల్‌లో తిరువనంతపురంలో రాష్ట్ర క్రీడా మండలి ట్రాన్స్‌జెండర్ల కోసమే అథ్లెటిక్స్ పోటీలు పెట్టింది. అక్కడ హిమోగ్లోబిన్ ఎంత, టెస్టోస్టిరాన్ ఎంత అని అడిగే పని లేదు. పక్కవాళ్లూ తమలాంటివాళ్లే. చిన్నప్పుడు బళ్లో ఆటల పీరియడ్ వస్తే ఆడవాళ్ల వరసలో నిలబడాలో మగవాళ్ల వరసలో నిలబడాలో తెలియక మూలకి వెళ్లి కూర్చున్నవాళ్లకి, ఆ రోజు ట్రాక్ మీద ఒక గీత దొరికింది.